ఆగిపోయిన ఇంజనా, ఆపేసిన ఇంజనా: పాత లిస్టర్ రకం డీజిల్ ఇంజన్ల పరీక్ష, పునరుద్ధరణ

పాత ఇనుము దుకాణంలోనో, మూతపడిన మిల్లు షెడ్డులోనో, పూడిపోయిన బావి పక్కనో దొరికే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజన్లు పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. తుప్పు, గట్టిపడిన మడ్డి, ఊడిపోయిన పైపులు, బిగుసుకుపోయిన ఫ్లైవీల్. అయితే వాటిలో రెండు రకాలున్నాయి. కొన్ని ఏదో విరిగో, అరిగో, పట్టేసో ఆగిపోయినవి. మరికొన్ని బాగా నడుస్తుండగానే, వాటితో అవసరం తీరిపోవడం వల్ల మనుషులు ఆపేసినవి. పునరుద్ధరణకు అయ్యే ఖర్చు, పట్టే కాలం, చివరికి ఆ పని చేపట్టడం తగునా కాదా అన్న నిర్ణయం ఈ తేడా మీదే ఎక్కువగా ఆధారపడతాయి. ఆ తేడాను చెప్పగల ఆనవాళ్లు ఇంజను మీదా లోపలా ఉంటాయి. ఇంటికి తేగానే డీజిల్‌తో కడిగి, వైరు బ్రష్షుతో రుద్ది, హ్యాండిల్ తగిలించి తిప్పే అలవాటు వాటిలో సగాన్ని మొదటి గంటలోనే చెరిపేస్తుంది.

ఈ వ్యాసం లిస్టర్ సీఎస్ నమూనాకూ, దాన్ని అనుసరించి మన దేశంలో తయారైన ఇంజన్లకూ పరిమితం. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో డర్స్‌లీ అనే చిన్న పట్టణంలో 1867లో మొదలైన ఆర్.ఎ. లిస్టర్ సంస్థ 1930 ప్రాంతంలో ఈ నమూనాను విడుదల చేసింది. సీఎస్ (కోల్డ్ స్టార్ట్) అంటే చల్లగా ఉన్నప్పుడే, బయటి నుంచి వేడి అందించకుండా, చేత్తో తిప్పి నడపగలిగేదని అర్థం. తలను, అంటే సిలిండరు పై మూతను, బ్లో ల్యాంపుతో కాల్చి నడిపించే ఇంజన్లు వాడుకలో ఉన్న రోజుల్లో అది పెద్ద సౌకర్యం. బాగా పేరొందిన 6/1 (ఆరు గుర్రాల శక్తి, ఒక సిలిండరు) నమూనాలో సిలిండరు వ్యాసం 114.3 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 139.7 మిల్లీమీటర్లు, ఘనపరిమాణం సుమారు 1.43 లీటర్లు. ఇంత పెద్ద సిలిండరు నుంచి 650 ఆర్‌పీఎం (నిమిషానికి 650 తిరుగుళ్ల) దగ్గర అది ఇచ్చేది 6 గుర్రాల శక్తి మాత్రమే. 300 కిలోలకు పైబడిన ఇనుము నుంచి అంత తక్కువ శక్తిని అడగడమే దాని దీర్ఘాయుష్షుకు మూలం. ఇంగ్లండులో తయారీ 1987లో ఆగిపోయింది. గుజరాత్‌లోని రాజ్‌కోట్ చుట్టుపక్కల చిన్న కర్మాగారాలు మాత్రం అదే నమూనాను ‘లిస్టర్ రకం’ పేరుతో చాలాకాలం పోతపోశాయి. పిస్టన్లు, రింగులు, లైనర్లు (సిలిండరు లోపల తొడిగే గొట్టాలు), నాజిళ్లు (డీజిల్‌ను చిమ్మే ముక్కులు) నేటికీ అక్కడి నుంచి దొరకడం వల్లనే ఈ ఇంజన్ల పునరుద్ధరణ సరదాతో ఆగిపోకుండా నిజంగా సాధ్యమయ్యే పనిగా మిగిలింది.

తెలుగు ప్రాంతాల్లో ఆపేసిన ఇంజన్లు విరివిగా దొరకడానికి చరిత్రలోనే కారణం ఉంది. బావుల మీద, కాలువ గట్ల మీద, పిండి మరల్లో, ధాన్యం మిల్లుల్లో ఒకప్పుడు ఆయిలింజనే ఆధారం. కరెంటు లైను పొలానికి చేరిన చోటల్లా మోటారు వచ్చి ఇంజను పక్కకు జరిగింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలయ్యాక డీజిల్ కొని నీళ్లు తోడే అవసరం ఇంకా తగ్గింది. నీటిమట్టం పడిపోయి బావులు ఎండినచోట సబ్‌మెర్సిబుల్ పంపు వచ్చింది. బయట కూర్చుని పట్టీతో పంపును తిప్పే ఇంజనుకు ఆ లోతులో పని లేదు. ఇలా పక్కన పెట్టిన ఇంజను చివరి రోజు వరకు నడిచినదే. దాని జబ్బులన్నీ నిలవ వల్ల వచ్చినవి: తుప్పు, నీరు, గట్టిపడిన నూనె, బిగుసుకున్న రింగులు. ఆగిపోయిన ఇంజను జబ్బులు వేరు: పగిలిన క్రాంకు (పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు), కరిగిన బేరింగు, చీలిన తల. మొదటి రకానికి ఓపిక కావాలి, రెండో రకానికి డబ్బు కావాలి.

అందువల్ల చూపుతో చేసే పరీక్ష ముందు జరగాలి. పొగ గొట్టం లోపలి మసి పొడిగా, పలుచగా, బూడిద రంగులో ఉంటే ఇంజను బరువు మీద, అంటే పని భారంతో, బాగా మండుతూ నడిచిందని అనుకోవచ్చు. నల్లగా, జిగటగా, నూనెతో తడిసి ఉంటే రింగులు అరిగాయనో, చాలాకాలం బరువు లేకుండా నడిచిందనో సూచన. క్రాంక్‌కేసు (క్రాంకు తిరిగే, నూనె నిలిచే అడుగు పెట్టె) తలుపు బోల్టుల తలలు కొత్తగా నలిగి ఉంటే ఎవరో ఈమధ్య లోపల చెయ్యి పెట్టారు. ఎందుకు పెట్టారన్నది తేల్చాలి. తల బిగించే స్టడ్లలో ఒకటి మిగతావాటికంటే కొత్తదైతే పాతది విరిగిందన్నమాట. పునాది బోల్టులు తెగి ఉండటం, కాళ్ల దగ్గర పోతలో పగులు ఉండటం ఇంజను విపరీతంగా అదిరిందని చెబుతాయి. నాలుగైదు పొరల రంగు ఒకదానిపై ఒకటి ఉన్నచోట, అడుగు పొర కింద పగులు పూడ్చిన ఎపాక్సీ దాగి ఉండవచ్చు. ఇవన్నీ కడగకముందు కనిపించేవి. పగలు వెలుతురులో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, నంబరు ప్లేటుపై ఉన్నదంతా రాసుకున్న తర్వాతే పానా పట్టుకోవాలి.

క్రాంక్‌కేసు నూనె దింపే తీరులో కూడా సమాచారం ఉంది. డ్రెయిన్ ప్లగ్గును పూర్తిగా ఊడదీయకుండా, కొద్దికొద్దిగా వదులు చేస్తే ముందుగా వచ్చేది నీరు. నీరు నూనెకంటే బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది. గ్లాసుడు నీరు వస్తే అది గాలిలోని చెమ్మా, పొగ గొట్టం గుండా దిగిన వానా కావచ్చు. లీటర్లకొద్దీ వస్తే తలలోనో, సిలిండరు చుట్టూ చల్లబరిచే నీరు నిలిచే నీటి గదిలోనో పగులుందని అనుమానించాలి. నీటి తర్వాత వచ్చే నూనెను తెల్లటి గుడ్డపై పరచి ఎండలో చూడాలి. అయస్కాంతానికి అంటుకునే సన్నటి నల్ల పొడి రింగుల, సిలిండరు సహజమైన అరుగుదల. అయస్కాంతానికి అంటని, వెండిలా మెరిసే మెత్తని రేకులు బేరింగు తెల్ల లోహానివి. అవి ఉంటే బిగ్ ఎండ్ బేరింగును (కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే చోటిది) విప్పకుండా హ్యాండిల్ తిప్పకూడదు. పసుపు ఛాయ ఉన్న తునకలు ఇత్తడి, కంచు బుష్షులవి. వేళ్ల మధ్య రాస్తే గరగరలాడుతూ, అయస్కాంతానికి స్పందించనిది ఇసుక.

ఇసుక విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇక్కడ తయారైన లిస్టర్ రకం ఇంజన్లలో కొన్నింటి క్రాంక్‌కేసు లోపలి మూలల్లో పోత అచ్చుకు వాడిన ఇసుక సరిగ్గా శుభ్రం చేయకుండానే, పైన రంగు వేసి పంపిన సందర్భాలు ఉన్నాయి. ఏళ్ల తరబడి వేడికి, నూనెకు ఆ రంగు పొరలుగా లేచి ఇసుకను వదులుతుంది. ఈ ఇంజనులో నూనెను వడగట్టే ఫిల్టరు ఉండదు. కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉన్న డిప్పరు ప్రతి తిరుగుడులో నూనెలో మునిగి చిమ్ముతుంటుంది, ఆ చిమ్మడంతోపాటే ఇసుక బేరింగులోకీ సిలిండరు గోడమీదకీ చేరుతుంది. అందువల్ల ఇలాంటి క్రాంక్‌కేసును పూర్తిగా ఖాళీ చేసి, ఉలితో, వైరు బ్రష్షుతో పోత లోహం బయటపడేదాకా గీకి, కడిగి, నూనెకు తట్టుకునే రంగు వేయాలి. కొత్త బేరింగులు, కొత్త రింగులు వేసి ఈ ఒక్క పని వదిలేసిన పునరుద్ధరణ ఎక్కువకాలం నిలవదు.

పట్టేసిన పిస్టన్ దగ్గర తొందర ఎక్కువ నష్టం చేస్తుంది. ఆపేసిన ఇంజనులో పిస్టన్ పట్టేయడానికి కారణం దాదాపు ఎప్పుడూ తుప్పే. మూతలేని పొగ గొట్టం గుండా దిగిన నీరు, తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు మీదుగా సిలిండరులోకి చేరి రింగుల చుట్టూ ఇనుమును తినేస్తుంది. ఆగిపోయిన ఇంజనులో అయితే నీళ్లు లేక వేడెక్కి, పిస్టన్ గోడకు రాసుకుని లోహం అతుక్కుని ఉంటుంది. తల విప్పి చూస్తే రెండూ స్పష్టంగా తెలుస్తాయి: మొదటిదానిలో ఎర్రటి తుప్పు వలయం, రెండోదానిలో నిలువు గీతలు. తుప్పు పట్టినదానికి డీజిల్, ఆటోమేటిక్ గేరు నూనె కలిపి పిస్టన్ మీద నిండుగా పోసి, రోజూ మట్టం చూస్తూ వారాలపాటు వదిలేయడం మంచిది. మట్టం తగ్గుతోందంటే అది రింగుల పక్కగా దిగుతోందన్నమాట, అది శుభసూచన. ఆ తర్వాత బిగ్ ఎండ్ టోపీ ఊడదీసి, సిలిండరు బ్లాకు వేరే పోత కాబట్టి దాన్ని పిస్టన్‌తో సహా పైకెత్తి, బల్లమీద పెట్టి, పిస్టన్ వ్యాసానికి సరిపడా గట్టి కర్ర దిమ్మతో కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపాలి. ఇనుప సుత్తితో నేరుగా పిస్టన్ తలపై కొట్టినా, ఫ్లైవీల్ చువ్వల మధ్య గడ్డపలుగు దూర్చి బలవంతంగా తిప్పినా కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చు, చువ్వ విరగవచ్చు. పోత ఇనుప ఫ్లైవీల్‌లో కనిపించని పగులు మిగిల్చడం ప్రాణాపాయం. రెండడుగుల వ్యాసమున్న చక్రం 650 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే దాని అంచు సెకనుకు సుమారు 21 మీటర్ల వేగంతో పోతుంటుంది.

పిస్టన్ బయటికి వచ్చాక ఊహలు పక్కనపెట్టి కొలతలు తీయాలి. సిలిండరు ఎప్పుడూ సమంగా అరగదు. పిస్టన్ పైకి చేరినప్పుడు మొదటి రింగు నిలిచే చోట, క్రాంకుకు అడ్డంగా ఉన్న దిశలో అరుగుదల అత్యధికం, ఎందుకంటే అక్కడ వేడి, పీడనం ఎక్కువ, నూనె తక్కువ. అడుగున రింగులు చేరని భాగం దాదాపు కొత్తగానే ఉంటుంది. డయల్ బోర్ గేజ్ ఉన్నవారు మూడు ఎత్తుల్లో, రెండు దిశల్లో కొలుస్తారు. అది లేని చోట ఒక కొత్త రింగు, ఫీలర్ గేజ్ చాలు. రింగును సిలిండరు అడుగు భాగంలో పెట్టి, పిస్టన్‌తో సమంగా తోసి, దాని కొసల మధ్య సందు కొలవాలి. అదే రింగును పైన ఎక్కువ అరిగిన చోట పెట్టి మళ్లీ కొలవాలి. వ్యాసం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి 3.14 రెట్లు పెరుగుతుంది కాబట్టి రెండు సందుల తేడాను 3.14తో భాగిస్తే అరుగుదల వస్తుంది. అడుగున 0.45 మిల్లీమీటర్లు, పైన 1.40 మిల్లీమీటర్లు వచ్చిందనుకుంటే తేడా 0.95, అరుగుదల సుమారు 0.30 మిల్లీమీటర్లు. అలాంటి సిలిండరులో కొత్త రింగులు వేయడం డబ్బు వృథా. పైకి వచ్చిన ప్రతిసారీ రింగు విప్పారి, కిందికి పోయిన ప్రతిసారీ ముడుచుకుంటూ త్వరగా అరిగిపోతుంది, నూనె తాగడం మళ్లీ మొదలవుతుంది. దాన్ని బోరింగ్ చేసి (లోపలి గోడను కోసి వెడల్పు చేసి) ఓవర్‌సైజ్ పిస్టన్ వేయాలి, లేదా లైనరు వేసి మొదటి కొలతకు తేవాలి. ఈ పద్ధతి సిలిండరు కోలగా అరిగిందో లేదో చెప్పదు. అది తెలియాలంటే డయల్ గేజే కావాలి.

తుప్పు గుంటల విషయంలో బోరింగ్ షాపులు కొన్నిసార్లు అవసరానికి మించి భయపడతాయి. గోళ్లకు తగలని మచ్చలు హోనింగ్‌తో (గోడను రాళ్లతో సన్నగా రుద్దడంతో) పోతాయి. రింగులు తిరుగాడే పరిధికి కింద ఉన్న గుంటలు హాని చేయవు, అందులో నూనె నిలుస్తుంది కూడా. మొదటి రింగు ఆగే చోట లోతైన గుంట ఉంటే మాత్రం రాజీ కుదరదు.

క్రాంక్‌షాఫ్టు మీద ఎంత ఆలోచించినా ఎక్కువ కాదు. పిస్టన్, లైనరు, బేరింగులు మార్చుకోదగ్గవి. క్రాంకు పగిలి ఉంటే ఇంజను మొత్తం విలువ పడిపోతుంది, ఆ పగులుతోనే నడిపితే పక్కనున్నవారి ప్రాణానికే ముప్పు. పగులు సాధారణంగా రెండు చోట్ల మొదలవుతుంది: క్రాంకు పిన్ను, దాని పక్క చెంపకు కలిసే మూల వంపులో, ఫ్లైవీల్‌ను ఇరుసుకు బిగించే తాళం కూర్చునే గాడి కొసన. గ్యారేజీల్లో చాలాకాలంగా నడుస్తున్న పరీక్ష ఒకటి ఉంది. ఆ భాగాన్ని శుభ్రంగా తుడిచి కిరసనాయిలు పూసి, కాసేపటికి పూర్తిగా ఆరబెట్టి తుడిచి, సుద్దపొడి చల్లుతారు. పగులు ఉంటే అందులో ఇంకిన కిరసనాయిలు సుద్దలోకి పాకి సన్నటి తడి గీతగా బయటపడుతుంది. ఎర్ర రంగు, తెల్ల డెవలపరు డబ్బాలతో చేసే డై పరీక్ష ఇదే సూత్రం మీద ఇంకా సన్నని పగుళ్లను చూపిస్తుంది, ఖర్చు కూడా పెద్దదేం కాదు. పిన్ను కోలగా అరిగితే 0.25, 0.50 మిల్లీమీటర్ల మెట్లలో గ్రైండింగ్ చేయిస్తారు. గ్రైండింగ్ చేసేవారు ఆ మూల వంపును మొదటి వ్యాసార్థంతోనే ఉంచాలని గట్టిగా చెప్పాలి. నిటారు మూలగా కోసేస్తే అక్కడ ఒత్తిడి పేరుకుని, కొత్తగా మెరుస్తున్న క్రాంకే కొన్ని నెలల్లో తెగిపోతుంది. తాళపు గాడి చుట్టూ ఎర్రటి సన్న పొడి ఉందంటే ఫ్లైవీల్ ఎప్పటినుంచో వదులుగా ఆడుతోందని అర్థం. అరిగిన తాళం స్థానంలో రేకు ముక్క కుక్కి బిగించడం తుక్కు ఇంజన్లలో తరచుగా కనిపించే, అసలు ఉపేక్షించకూడని పని.

తల, నీటి గది పరీక్ష సూటిగానే ఉంటుంది. బోరునీటి సున్నం, తుప్పు కలిసి నీటి గదిని సగం వరకు మూసేసిన ఇంజన్లు రాయలసీమ, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో సాధారణం. పలుచని ఆమ్లంతో కరిగించి, బాగా కడిగి, తర్వాత నీటి పీడనంతో పరీక్షించాలి. పొర పోయాక అది కప్పి ఉంచిన పగులు కారడం మొదలవుతుంది, కాబట్టి పీడన పరీక్ష శుభ్రం చేశాకే చేయాలి. రెండు వాల్వుల మధ్య, వాల్వుకూ నాజిల్ రంధ్రానికీ మధ్య ఉన్న సన్నటి భాగంలోనే పగుళ్లు ఎక్కువ. అసలు డర్స్‌లీ ఇంజన్లలో స్టార్టింగ్ సమయంలో కంప్రెషన్ పెంచడానికి తలకు ఒక మార్పిడి వాల్వు ఉంటుంది, అది మసితో బిగుసుకుని ఉంటే ఓపికగా విడదీయాలి. పాత ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిని తడిపి, ముక్కలుగా తీసేయాలి గానీ పొడిగా గ్రైండరుతో రాయకూడదు.

ఇంధన వ్యవస్థలో పునరుద్ధరించే చోటు, మార్చేసే చోటు వేర్వేరు. ట్యాంకు, పైపులు శుభ్రం చేసుకోవచ్చు. పంపులోని ప్లంజరు (డీజిల్‌ను నెట్టే కడ్డీ), అది ఆడే బ్యారెల్ మాత్రం ఒకదానికొకటి అరగదీసి జత చేసినవి, వాటి మధ్య సందు కొన్ని మైక్రాన్లే. ఒక పంపు ప్లంజరును ఇంకో పంపు బ్యారెల్లో వేయకూడదు. తుప్పు మచ్చ పడిన ఈ జతను పాలిష్ చేసి బాగుచేయడం కుదరదు, కొత్త జత వేయాలి. నాజిల్‌ను చేతి టెస్టరుపై పెట్టి చూస్తే, పొగమంచులా సన్నగా, సమంగా చిమ్మి టక్కున ఆగాలి. చివర చుక్క వేలాడితే సీటు చెడిందని అర్థం. ఆ ధారకు అడ్డంగా చెయ్యి పెట్టడం ఎంత ప్రమాదమో ఈ పని నేర్చుకునే కుర్రాళ్లకు మొదటి రోజే చెప్పాలి. అంత పీడనంతో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, బయట సూది పోటంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రిలో శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

పంపు టైమింగ్‌ను చెవితో సరిచేసే మెకానిక్కులు ఉన్నారు, వారి నైపుణ్యాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే అన్ని భాగాలూ విప్పి బిగించిన ఇంజనుకు కొలతే దిక్కు. పైపు విప్పి, పంపు కొసన నిలిచిన డీజిల్ మట్టాన్ని చూస్తూ ఫ్లైవీల్‌ను నెమ్మదిగా తిప్పితే, మట్టం ఉబ్బడం మొదలైన క్షణమే ఇంజెక్షన్ ఆరంభం. 6/1 ఇంజనులో అది పిస్టన్ పై కొసకు సుమారు 20 డిగ్రీల ముందు జరగాలి. రెండడుగుల చక్రం అంచుపై ఒక డిగ్రీ దాదాపు 5.3 మిల్లీమీటర్లు, అంటే పై కొస గుర్తు నుంచి 106 మిల్లీమీటర్ల దూరంలో చాక్‌పీసుతో గీసిన గీత దగ్గర మట్టం కదలాలి. చక్రం వ్యాసం మారితే ఈ దూరం మారుతుంది, కాబట్టి టేపుతో చుట్టుకొలత తీసుకుని 360తో భాగించుకోవాలి.

ఇంత పరీక్ష జరిగాక ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్న ప్రశ్నకు చాలావరకు కొలతలే జవాబిస్తాయి. మిగిలినచోట పాత భాగాన్ని ఉంచడానికే మొగ్గు చూపడం మేలు. డర్స్‌లీ పోతలో ఇనుము నాణ్యత, అమరికలో కచ్చితత్వం ఎక్కువ. దాని బుష్షు కొలతల్లోనే ఉన్నప్పుడు, బజారులో దొరికిన కొత్త బుష్షు వేయడం కొన్నిసార్లు వెనకడుగే అవుతుంది. నంబరు ప్లేటును రాయకుండా, రంగు వేయకుండా వదిలేయాలి. పోత పగిలినచోట మామూలు వెల్డింగ్ రాడ్డు వాడితే చల్లారేటప్పుడు పక్కనే కొత్త పగులు వస్తుంది. ముందుగా వేడి చేసి, నికెల్ రాడ్డుతో కొద్దికొద్దిగా అతికి, బూడిదలోనో సున్నంలోనో పూడ్చి రాత్రంతా చల్లారనివ్వాలి. నీటి గది పగుళ్లకైతే వేడి అవసరం లేని లోహపు కుట్టు పద్ధతి ఇంకా నమ్మకమైనది.

మొదటిసారి నడిపేటప్పుడు ఇంజనును ఆపే దారి ముందుగా సిద్ధం చేసుకోవాలి. వేగాన్ని అదుపు చేసే గవర్నరు కడ్డీ బిగుసుకుపోతే ఇంజను అదుపు తప్పవచ్చు, సిలిండరులోకి నూనె ఎక్కువగా చేరితే ఇంధనం కట్టేసిన తర్వాత కూడా డీజిల్ ఇంజను వేగం పుంజుకుంటూనే పోగలదు. అప్పుడు గాలి ఆపితేనే అది ఆగుతుంది, అందుకని గాలి లోపలికి వెళ్లే మూతిని పూర్తిగా కప్పగల చెక్క పలకను చేతికందేలా ఉంచాలి. చక్రాల వరుసలో ఎవరూ నిలబడకూడదు. ఇంజనును పునాదికి బిగించకుండా నేలమీద ఊరకే నడిపి చూడకూడదు. నూనె అందుతోందని క్రాంక్‌కేసు తలుపు దగ్గర నిర్ధారించుకుని, కొన్ని నిమిషాల్లో ఆపి, బేరింగులను చేత్తో తాకి చూడాలి. చెయ్యి పట్టలేనంత వేడి ఉన్నచోట సందు తక్కువైందని తేలుతుంది.

కొత్త రింగులు వేసిన ఇంజనును బరువు లేకుండా గంటలకొద్దీ నడపడం మన మెకానిక్కులు మంచిదనుకునే అలవాటు, కానీ అది నష్టమే. రింగులు గోడకు గట్టిగా ఒత్తుకోవాలంటే వాటి వెనక మంటల పీడనం కావాలి. బరువు లేకపోతే హోనింగ్ గీతలు రింగులు కుదురుకోకముందే నున్నగా మెరుగెక్కి, నూనె పైకి పోవడం మొదలవుతుంది. మొదటి గంట తర్వాతే సగం బరువు, క్రమంగా ముప్పావు బరువు పెట్టి నడిపించాలి. తల బోల్టులను ఇంజను చల్లారాక మళ్లీ బిగించి, వాల్వు సందులు సరిచూసి, ఫిల్టరు లేదు కాబట్టి మొదటి నూనెను 20, 25 గంటలకే దింపేసి, దాన్ని మళ్లీ తెల్ల గుడ్డ మీద పరచి అయస్కాంతంతో చూడాలి. నల్ల పొడి కొద్దిగా ఉండటం సహజం. గరగర తగిలితే క్రాంక్‌కేసు తలుపు మళ్లీ తీయాల్సిందే.